వచ్చే తీగ, పోయే తీగ

పోయినవారం చిన్నమేస్త్రిని తన గుమ్మం ముందే నిలబెట్టి వదిలేశాం. చేతిలో కొత్త కండెన్సర్ల పొట్లం. ఎదురుగా గేటుకి ఆనించి ఒక పాత సైకిలు. వెనక క్యారియర్ మీద తాడుతో కట్టే రేకుపెట్టె లేదు, తాడు మాత్రం వేలాడుతోంది. అంటే పెట్టె లోపలికి వెళ్ళింది. ఆ సైకిలు ఆ గేటు దగ్గర ఆగి తొమ్మిదేళ్ళు. అది అతని అన్నయ్యది.

అన్నదమ్ములిద్దరిదీ కరెంటు పనే. అన్న ఇళ్ళకి వైరింగ్ చేస్తాడు. తమ్ముడు రేడియోలు బాగుచేస్తాడు, ఆంప్లిఫయర్లు కడతాడు. ఊరు ఒకరిని పెద్దమేస్త్రి అంది, ఒకరిని చిన్నమేస్త్రి అంది. ఒకప్పుడు ఒకే కంచంలో తిన్నవాళ్ళు. తొమ్మిదేళ్ళ కింద చిన్నమేస్త్రి భార్య స్నానాలగదిలో నీళ్ళ హీటరు ముట్టుకుని చచ్చిపోయింది. ఆ ఇంటికి వైరింగ్ చేసింది అన్న. "ఎర్త్ జాయింటు నేనే సరిగ్గా వెయ్యలేదు" అని ఆయనే నలుగురి ముందూ ఒప్పుకున్నాడు. కరెంటు కారితే మనిషికి తగలకుండా భూమిలోకి దింపే తీగ అది. ఆ రోజు నుంచి చిన్నమేస్త్రికి అన్న లేడు. ఎవరైనా పేరెత్తితే "ఆ కరెంటోడా?" అని ఉమ్మేసేవాడు.

ఇంట్లో ఇప్పుడు ఉన్నది ఇద్దరే, తనూ కూతురూ. కూతురు చూపులేని పిల్లల బడికి పాఠాలు చదివి, రికార్డు చేసి పంపుతుంది. ఆమె మైకుకి ఆంప్లిఫయర్ తండ్రి చేత్తో కట్టిందే. అందులో రొద. రెండుసార్లు పాఠాలు తిరిగొచ్చాయి. మూడోసారి ఇవాళ ఐదింటికి బడి మనిషి వచ్చి తీసుకెళ్తాడు. ఇవీ తిరిగొస్తే ఆ పని పోయినట్టే. పని పోతే కూతురు ఈ ఇంట్లో ఉండదు. వేరే ఊళ్ళో ఉద్యోగం చూసుకుంది. బట్టలపెట్టె సర్ది మంచం కింద పెట్టింది. ఆ పెట్టెను తండ్రి చూశాడని ఆమెకి తెలియదు.

చిన్నమేస్త్రి గేటు తోశాడు. సైకిలు పడింది. ఎత్తలేదు.

పనిగదిలో ఫ్యాను ఆగి ఉంది. మెయిన్ తీసేశారన్నమాట. కిటికీలోంచి పడ్డ ఎండలో సున్నం ధూళి లేస్తోంది. గోడ పక్కన స్టూలు. స్టూలు మీద పెద్దమేస్త్రి. తల పూర్తిగా నెరిసింది. వీపు కొంచెం వంగింది. చెయ్యి మాత్రం వణకడం లేదు. స్క్రూడ్రైవరు మొనతో గోడ పైభాగాన సున్నం గీకుతున్నాడు. సున్నం కింద చదరంగా చెక్కమూత బయటపడుతోంది. తీగలన్నీ కలిసే జంక్షన్ బాక్సు అది. భార్య చనిపోయిన వారంలోనే చిన్నమేస్త్రి దాని మీద సున్నం కొట్టించాడు. కంటికి కనపడకూడదని.

"దిగు" అన్నాడు.

పెద్దమేస్త్రి తల తిప్పలేదు. "ఇంకో పది నిమిషాలు."

"నా ఇంట్లో నా గోడ గీకడానికి నువ్వెవడివి?"

"ఎలక్ట్రీషియన్ని."

"నిన్నెవడు పిలిచాడు?"

"నేను పిలిచాను నాన్నా."

కూతురు పాఠాలు చదివే చిన్నగది గుమ్మంలో నిలబడి ఉంది. చేతులు కట్టుకుని. తల్లి కోపమొస్తే అలాగే నిలబడేది. చిన్నమేస్త్రి అటు చూడలేకపోయాడు. పొట్లం టేబుల్ మీద పెట్టాడు.

"నాకు చెప్పకుండానా?"

"చెప్తే రానిచ్చేవాడివా? నువ్వు చెయ్యగలిగినవన్నీ చేశావు నాన్నా. నేను చూశాను. ఇంకా కండెన్సర్లేనా? వాటికి పెట్టడానికి డబ్బాలో చోటేదీ?"

ఆ మాట నిజం. ఈ ఇరవై రోజుల్లో అతను చెయ్యనిది లేదు. కరెంటులోని హెచ్చుతగ్గులు మింగడానికి బొటనవేలంత కండెన్సర్లు తీసి పిడికిలంతవి పెట్టాడు. ట్రాన్స్‌ఫార్మర్ని డబ్బాలోంచి పీకి, బారెడు దూరంలో వేరే ఇనప డబ్బాలో పెట్టాడు. కరెంటు తీగలు రెండూ జడలా పేనాడు. లోపల ఎక్కడెక్కడో అతికించిన గ్రౌండ్ తీగలన్నీ విప్పి ఒకే ఒక్క స్క్రూ దగ్గరికి చేర్చి టంకం పెట్టాడు. ఒక్కొక్క పనికీ రొద కొంచెం కొంచెం తగ్గింది. తగ్గి, ఒకచోట మొండికేసింది. చెవిలో జోరీగలా అక్కడే తిరుగుతోంది. తినేటప్పుడు వినపడుతోంది. డబ్బాకి కరెంటు తీసేసినా వినపడుతోంది.

బడిలో పాఠాలు విని ఒప్పుకునేదీ చూపులేని మాస్టారే. మొదటిసారి ఆయన చీటీ పంపించాడు: 'అమ్మాయి గొంతు బాగుంది. వెనకాల తేనెటీగ ఉంది. మా పిల్లలకి చెవులే కళ్ళు. కంట్లో నలుసు పెట్టి చదవమంటారా?' రెండోసారి చీటీలో ఒకటే వాక్యం: 'తేనెటీగ ఇప్పుడు వస్తూ పోతూ ఉంది.'

ఆ రెండో చీటీ చూసి చిన్నమేస్త్రి సిగ్గుతో చచ్చాడు. ఎందుకో అతనికే తెలుసు.

"ఒరేయ్" అన్నాడు పెద్దమేస్త్రి, స్టూలు మీంచే. "డబ్బా మీద అరచెయ్యి వేస్తే రొద తగ్గుతోందంట కదా?"

చిన్నమేస్త్రి కూతురి వైపు చూశాడు. "ఇది కూడా చెప్పావా?"

"నలభై నిమిషాలు చెయ్యి తియ్యకుండా కూర్చున్నావంట. చెమట పట్టి చెయ్యి జారినప్పుడల్లా రొద పైకి లేచిందంట. రేడియోకి చేతివైద్యం చేసేవాణ్ణి నిన్నే చూశాను." నవ్వలేదు ఆయన. "ఆ డబ్బాకి ఎర్త్ లేదురా. దొరక్క నీ ఒళ్ళు పట్టుకుంది. ఇన్నాళ్ళూ దానికి నువ్వే ఎర్త్‌వి."

"ఎర్త్ లేదని నాకు తెలుసు."

"ఎలా తెలుసు?"

చిన్నమేస్త్రి టేబుల్ మీది పొట్లం అటు జరిపాడు. "నువ్వు వేసిన జాయింటు కదా. అందుకు తెలుసు."

పెద్దమేస్త్రి గీకడం ఆపాడు. మళ్ళీ గీకాడు.

"నేను పోయాక ఇంకో ఎలక్ట్రీషియన్ని పిలిపించి ఉంటావనుకున్నాను. హీటరు తీసేశావని విన్నాను, బాక్సు కూడా బాగుచేయించావనుకున్నాను. నిన్న పాప చెప్పింది, నీళ్ళ గదిలోనే కూర్చుని చదువుతున్నానని. చేతిలో ఇనప మైకుస్టాండు. ఎర్త్ లేని డబ్బాకి కట్టిన స్టాండు. వచ్చేశాను. నువ్వు గెంటితే మళ్ళీ వస్తాను. చంపితే చంపు."

పాత స్నానాలగదే ఇప్పుడు చదివే గది. ఇంట్లో కిటికీ లేని గది అదొక్కటే. కుళాయి పీకేసి, గోడలకి పాత బొంతలు వేలాడదీసి, తలుపుకి లోపలివైపు పరుపు కొట్టించింది కూతురు. తండ్రి వద్దన్నాడు. "అమ్మ దగ్గర కూర్చున్నట్టుంటుంది" అంది. నీళ్ళగొట్టం పోయిన కంతలోంచి మైకు తీగ, హెడ్‌ఫోన్ తీగ పనిగదిలోకి వస్తాయి. మిగిలిన కంతలో గుడ్డ కుక్కి ఉంటుంది. చప్పుడు పోకుండా.

"నాన్నా, మూడుంపావు అయింది" అంది కూతురు.

చిన్నమేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కి ఉంది. కానీ మంచం కింద పెట్టె కళ్ళముందు ఆడింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అదే అతని ఒప్పుకోలు.

"పాపా, నువ్వు లోపలికెళ్ళి చెవులకి పెట్టుకో" అన్నాడు పెద్దమేస్త్రి. "తలుపేసుకో. స్టాండు మాత్రం ముట్టుకోకు, నేను చెప్పేదాకా."

తండ్రీకూతుళ్ళకి ఒక కట్టుబాటు ఉంది. లోపలి నుంచి గోడ మీద ఒకసారి తడితే రొద ఉన్నట్టు. రెండుసార్లు తడితే పోయినట్టు. రెండు తట్లు వినగానే అతను రికార్డరు మీద ఎర్ర మీట నొక్కాలి. నిమిషం తిరిగేలోగా ఆమె చదవడం మొదలుపెడుతుంది. ఆ గొంతు గోడ దాటి సన్నగా వినిపిస్తుంది. ఆ గొంతు కోసమే అతను బతికున్నాడని ఆ ఇంట్లో ఎవరూ అనలేదు.

తలుపు మూసుకుంది.

పెద్దమేస్త్రి చెక్కమూత ఊడదీశాడు. లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు. తమ్ముడికి కనపడకుండా భుజం అడ్డం పెట్టాడా, అలా అనిపించిందా?

"ప్లయర్ ఇవ్వు."

"నీ పెట్టెలో లేదా?"

"నీదే ఇవ్వు."

చిన్నమేస్త్రి ప్లయర్ ఎవరికీ ఇవ్వడు. పెళ్ళికి ముందు కొన్నది. ఒకసారి ఉక్కుతీగ కోయబోతే దాని అంచున పన్ను విరిగింది. అప్పట్నుంచి అది కోసిన ప్రతి తీగ మీదా బియ్యపు నూకంత మొటిమ మిగులుతుంది. కొత్తది కొనమని భార్య ఎన్నోసార్లు పోరింది. కొనలేదు. ఎత్తి అన్న చేతికిచ్చాడు. చెయ్యి చేతికి తగలకుండా ఇచ్చాడు.

పెద్దమేస్త్రి లోపల రెండుచోట్ల కత్తిరించాడు. కత్తిరించిన పాత ముక్కలు రెండూ నేలమీద పారెయ్యలేదు. చొక్కా జేబులో వేసుకున్నాడు. తర్వాత తీగ ఎటు పోయిందో చూడ్డానికి కంతలోంచి గుడ్డ లాగి స్టూలు మీద పడేశాడు. కొత్త ఆకుపచ్చ తీగ ముక్క తీసుకున్నాడు. కొసలు గీరాడు, మెలిపెట్టాడు, బిగించాడు, టేపు చుట్టాడు. టెస్టరు, బల్బుతో మూడుసార్లు చూశాడు. ఎవరికో పిండం పెడుతున్నంత శ్రద్ధగా చేశాడు.

"మెయిన్ వెయ్యి."

చిన్నమేస్త్రి వేశాడు. ఫ్యాను స్విచ్చి తీసి, ఆంప్లిఫయర్ స్విచ్చి వేశాడు. పచ్చదీపం వెలిగింది.

గోడ మీద తట్టు.

ఒకటే.

ఇంకోటి కోసం చూశాడు. రాలేదు. టేబుల్ మీద ఒంటిచెవి ఇయర్‌ఫోన్ ఉంది. చెవిలో పెట్టుకున్నాడు. మొండి రొద, ఆ లావుపాటిది, పోయింది. దాని కింద దాక్కున్న సన్నది ఇప్పుడు బయటపడింది. అది అతనికి కొత్తది కాదు. ఎరిగిన గొంతు. ఎక్కడో విన్నాడు.

మూడున్నర దాటింది.

లేచాడు. అన్న దిగాడో లేదో, అతను స్టూలు ఎక్కేశాడు. అన్న టేబుల్ మీద పెట్టిన ప్లయర్ అందుకున్నాడు. "చూశావా? ఎర్త్ వెయ్యగానే వెంట రొదను తెచ్చుకుంది. ఎర్త్ అంటేనే రొద. ఎంతమందికి చెప్పాను నేను. ఈ పచ్చతీగ కోసి పారేస్తే పోతుంది. అప్పుడూ ఇలాగే పోయింది."

పెద్దమేస్త్రి అతని మణికట్టు పట్టుకున్నాడు. ముసలి చెయ్యే, ఇనప కొక్కెంలా బిగిసింది.

"వదులు."

"దిగు."

"ఐదింటికి వాడొస్తాడు!"

"దిగరా."

చిన్నప్పుడు చెట్టెక్కితే అలాగే అనేవాడు. చిన్నమేస్త్రి కాళ్ళు వాటంతటవే దిగాయి. పెద్దమేస్త్రి ప్లయర్ లాక్కుని తన జేబులో పెట్టుకున్నాడు. టేబుల్ కింద నుంచి పోతున్న పొడుగు తీగను కంటితోనే పట్టుకుని గుమ్మం దాకా నడిచాడు.

"ఈ రికార్డరుకి కరెంటు ఎక్కడిది?"

"వంటింటి బోర్డుది. ఇక్కడ సాకెట్టు ఖాళీ లేదు."

"ఆ బోర్డు ఎర్త్ వేరు, ఈ బోర్డు ఎర్త్ వేరు. రెండూ చుట్టు తిరిగొచ్చి నీ డబ్బాలో కలుసుకుని కొట్టుకుంటున్నాయి. తీగ కొయ్యడం కాదు, కలిపే చోటు ఒకటి చెయ్యాలి. డబ్బాలో అన్ని తీగలూ ఒక స్క్రూకి చేర్చావంట కదా, అదే పని ఇంటికి చెయ్యడం తెలియలేదా?"

వంటింట్లోంచి ప్లగ్గు పీకి తెచ్చాడు. టేబుల్ దీపం ప్లగ్గు తీసేసి, ఆ చోట రికార్డరు ప్లగ్గు గుచ్చాడు. ఒకే బోర్డు. ఒకే ఎర్త్.

ఇయర్‌ఫోన్‌లో ఏమీ లేదు.

చిన్నమేస్త్రి చెవిలోంచి తీసి చూసుకున్నాడు, తీగ ఊడిందేమోనని. మళ్ళీ పెట్టుకున్నాడు. ఊడలేదు. అంత నిశ్శబ్దం తను కట్టిన డబ్బాలోంచి ముప్పై ఏళ్ళలో వినలేదు. లోపల కూతురు చీర కొంగు సర్దుకుంటే ఆ గుడ్డ కదిలిన చప్పుడు వినపడింది.

గోడ మీద తట్టు. ఇంకో తట్టు.

వేలు వెళ్ళి ఎర్ర మీట నొక్కింది. అలవాటు. చిన్న ఎర్రదీపం వెలిగింది. ఇయర్‌ఫోన్ తీసి టేబుల్ మీద పెట్టాడు. గుండెల మీంచి ఇరవై రోజుల బరువు దిగింది. దిగినందుకు అన్న మీద కోపం ఇంకా పెరిగింది.

"అప్పుడంటే ఎప్పుడు?" అన్నాడు పెద్దమేస్త్రి. మెల్లగా. గోడ పక్కనే, కంత కిందే నిలబడి.

"ఏది?"

"అప్పుడూ ఇలాగే పోయింది అన్నావు. ఎప్పుడు?"

"ఎప్పుడో. పెద్ద ఆంప్లిఫయర్ కట్టినప్పుడు. దానికి టేప్‌రికార్డరు తగిలించగానే ఈ రొదే వచ్చింది. బాక్సు విప్పి టేబుల్‌కి పోయే ఎర్త్ తీసేశాను. ఆగింది. మా పనిలో అందరూ చేసేదే."

"ఏ నెలలో?"

"నెలలు రాసిపెట్టుకోడానికి నేనేమన్నా..."

మాట మధ్యలో తెగింది.

వానలు మొదలైన నెల. మబ్బు పట్టి గది చీకటిగా ఉంది. పై మూత విప్పుతుంటే స్టూలు ఊగింది. భార్య వచ్చి స్టూలు పట్టుకుంది. ఒక చేత్తో స్టూలు, ఒక చేత్తో టార్చి. రొద ఆగగానే "అమ్మయ్య, చెవులు బతికాయి" అంది. ఆ తర్వాత ఆమె ఉన్నది ఎన్ని రోజులు? లెక్క వేయబోయాడు. వేలు ముడవక ముందే లెక్క అయిపోయింది. నాలుగు రోజులు.

"అది టేబుల్‌కి పోయే తీగ" అన్నాడు. గొంతు పెద్దది చేశాడు. "నా టేబుల్‌కి. నా ప్రాణం మీదికి నేను తెచ్చుకున్నది. స్నానాలగదికీ దానికీ సంబంధం లేదు."

పెద్దమేస్త్రి చొక్కా జేబులోంచి పాత ముక్కలు రెండూ తీశాడు. ప్లయర్ తీశాడు. కొత్త తీగలో మిగిలిన కొసని ఆ ప్లయర్‌తో టక్కున కోశాడు. మూడూ అరచేతిలో పక్కపక్కన పెట్టి చాచాడు.

"వదులైన జాయింటు ఊడితే కొస మెలి తిరిగి ఉంటుంది. ఇవి నున్నగా ఉన్నాయి. కోత ఇది. నల్లబడ్డ పాత కోతలో మొటిమ చూడు. ఇప్పుడు కోసిన దానిలోనూ చూడు."

చిన్నమేస్త్రి చూడలేదు. చూడకుండానే తెలిసింది.

"బాక్సులో పచ్చతీగలు మూడురా. వచ్చేది ఒకటి. పోయేవి రెండు. ఒకటి నీ టేబుల్‌కి, ఒకటి నీళ్ళ గదికి. నువ్వు పోయేది కోశాననుకున్నావు. కోసింది వచ్చేదాన్ని. మూడూ ఒకే రంగు. ఏది ఎటు పోతుందో చూడ్డానికి నువ్వు వైరింగ్ వాడివి కాదు. అడగడానికి నేను రెండు వీధుల అవతలే ఉన్నాను."

"అన్నయ్యా..."

తొమ్మిదేళ్ళలో మొదటిసారి. అలా పిలిచినట్టు అతనికే తెలియలేదు.

"ఆ నాలుగు రోజులూ నీ డబ్బా ముట్టుకుంటే చీమ కుట్టినట్టు ఉండేదా?"

ఉండేది. కండెన్సర్ల వల్ల అనుకున్నాడు. నవ్వుతూ ఆమెకి కూడా చెప్పాడు. 'నా ఆంప్లిఫయర్‌కి రోషమెక్కువ' అన్నాడు.

"హీటరు అప్పటికే కొంచెం కొంచెం కరెంటు వదులుతోంది. అది పోవడానికి దారి లేదు. దారి నువ్వు కోసేశావు. నీ డబ్బా దాకా వచ్చి చెప్పింది. నీకు వినపడలేదు. రొద ఆగిందని సంబరపడుతున్నావు. ఐదో రోజు పొద్దున్న హీటరు పూర్తిగా వదిలేసింది."

చిన్నమేస్త్రి కుర్చీ వెతుక్కున్నాడు. దొరకలేదు. టేబుల్ పట్టుకుని నిలబడ్డాడు.

"నీకు ఎప్పుడు తెలుసు?"

"ఆ రోజే. ఆమెని బయట పడుకోబెట్టారు. నువ్వు ఆమె కాళ్ళ దగ్గర పడి ఉన్నావు. నేను లోపలికొచ్చి ఈ మూత తీశాను. నా జాయింటు నా జాయింటులాగే ఉంది. దానికి జానెడు అవతల కోత. మళ్ళీ మూసేసి బయటికొచ్చాను."

"వచ్చి, తప్పు నాదే అన్నావు."

"అన్నాను."

"ఎందుకు?"

"పాపకి పదమూడేళ్ళురా. తల్లి పోయింది. తల్లిని చంపింది తండ్రి అని చెప్తే తండ్రి కూడా పోడూ? పెదనాన్న పోతే ఏముంది. ఇంటికి అవతలి మనిషే కదా." ముక్కలు మూడూ జేబులో వేసుకున్నాడు. "కడుపులోనే పెట్టుకుని పోదామనుకున్నాను. మళ్ళీ అదే ప్లయర్ పట్టుకుని అదే తీగ మీదికి వెళ్ళావు. ఈసారి లోపల కూర్చున్నది పాప."

మెచ్చుకోవాలి. కాళ్ళ మీద పడాలి. ఇంకెవరైనా అయితే పడేవారేమో. చిన్నమేస్త్రికి పుట్టింది అది కాదు.

"తొమ్మిదేళ్ళు" అన్నాడు. పళ్ళు బిగపట్టి. "తొమ్మిదేళ్ళు నిన్ను తిట్టుకుంటూ అన్నం తిన్నాను. నిన్ను తిట్టడానికే పొద్దున్నే లేచాను. ఎవడిచ్చాడు నీకా పెద్దరికం? నా తప్పు నాదిరా. నాకియ్యాల్సింది. అప్పుడే ఇచ్చుంటే అప్పుడే చచ్చేవాణ్ణి. బాగుండేది. నువ్వు నాకు చేసింది మేలు కాదు. దొంగతనం."

'రా' అన్నాడు అన్నని. పెద్దమేస్త్రి తల ఊపాడు. అదీ రావాల్సిందే అన్నట్టు.

"నేను చచ్చినా సరే, పాపకి మాత్రం చెప్పకు" అన్నాడు చిన్నమేస్త్రి. మంట చప్పున చల్లారింది గొంతులో. అడుక్కుంటున్నవాడి గొంతు మిగిలింది. "వాళ్ళమ్మ స్టూలు పట్టుకుంది అన్నయ్యా. నేను తీగ కోస్తుంటే స్టూలు పట్టుకున్నది ఆమే. అది పాపకి తెలిస్తే..."

ఆగాడు.

ఏదో తక్కువైంది గదిలో. ఏమిటో వెంటనే తెలియలేదు. గడియారం కొట్టుకుంటోంది. వీధిలో ఎవరో తలుపు గడియ పెట్టారు. అవన్నీ ఉన్నాయి. ఉండాల్సింది ఇంకొకటి లేదు.

రెండు తట్లు తట్టి ఎంతసేపయింది? నిమిషంలో మొదలవ్వాల్సిన పాఠం మొదలవ్వలేదు.

చిన్నమేస్త్రి తల ఎత్తాడు. గోడలో కంత నల్లగా నోరు తెరుచుకుని ఉంది. అందులో కుక్కాల్సిన గుడ్డ స్టూలు మీద ఉంది. కంతకి అవతల జానెడు దూరంలో మైకు. దాని వెనక, చీమ చిటుక్కుమన్నా పట్టుకోవాలని ఇరవై రోజులు నిద్రమాని కట్టిన ఆంప్లిఫయర్. నిన్నటి దాకా దాని రొద మాటల్ని కప్పేసేది. ఇవాళ కప్పడానికి ఏమీ మిగల్లేదు.

టేబుల్ మీద ఎర్రదీపం వెలుగుతోంది.

పెద్దమేస్త్రి కూడా దీపం చూశాడు. అది ఏమిటో ఆయనకి తెలియదు. తమ్ముడి ముఖం చూసి తెలుసుకున్నాడు.

చిన్నమేస్త్రి చెయ్యి రికార్డరు మీదికి పాకింది. ఎర్ర మీట పక్కన నల్ల మీట. చెరిపేసేది. ఇంతకుముందు పాఠాలు రొదతో పాడైనప్పుడల్లా నొక్కిందే. వేలు దాని మీద ఆనింది.

తలుపు తెరుచుకుంది.

కూతురు గుమ్మంలో నిలబడింది. హెడ్‌ఫోన్ తియ్యలేదు. దాని తీగ వెనక్కి సాగి బిగుసుకుంది. కళ్ళు తడిగా లేవు. అది చూసి చిన్నమేస్త్రి ఇంకా భయపడ్డాడు. పెద్దమేస్త్రి "పాపా" అని అడుగు ముందుకేశాడు. ఆమె ఆయనవైపు చూడలేదు.

"రొద లేదు నాన్నా" అంది. "చుక్క కూడా లేదు. నువ్వు గుటక మింగడం కూడా వినపడింది."

చిన్నమేస్త్రి వేలు నల్ల మీట మీదే ఉంది.

"ఆ మీట మీంచి వేలు తియ్యి."

తియ్యలేదు. తియ్యలేకపోయాడు.

"తియ్యి నాన్నా. అమ్మ స్టూలు పట్టుకున్న దగ్గర్నుంచి చెప్పు. ఆ దీపం వెలుగుతూనే ఉండనీ."

బయట, కిందపడ్డ సైకిలుని ఎవరో ఎత్తి గేటుకి ఆనించిన చప్పుడైంది. బడి మనిషి గంటకు పైగా ముందే వచ్చాడు.